కొండవీటి నీడలో ఫాక్స్‌ప్రో

ట్రాక్టరు కాటా మీద నుంచి దిగకముందే గుమాస్తా గారి వేళ్లు కీబోర్డు మీద ఉంటాయి. రైతు పేరు, ఊరు, రకం తేజానా 334నా, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తారీఖు, ఏ చాంబరు, ఏ ర్యాకు. చాంబరు గడిలో రెండో అక్షరం పడగానే కర్సరు తనంత తానే ర్యాకు గడిలోకి వెళ్లి కూర్చుంటుంది. మౌసు మీద ఆయన చెయ్యి వేయగా నేను చూడలేదు. మిర్చి సీజన్లో బయట ట్రాక్టర్లు వరసకట్టి ఉంటాయి, హమాలీలు కేకలేస్తుంటారు, సరుకు దాచినట్టు రాసిచ్చే బాండు చేతికొస్తే గానీ రైతు ఇంటికి కదలడు. ఆ హడావుడిలో ఒక్కో నమోదుకు ఆయనకు పట్టేది అర నిమిషం.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే హైవేలో యడ్లపాడు దగ్గరికొచ్చేసరికి కుడిచేతి వైపు కొండవీటి కొండలు కనిపిస్తాయి. వాటి కిందున్న ఒక కోల్డ్ స్టోరేజీకి పాతికేళ్ల కిందట నేను రాసిచ్చిన ప్రోగ్రాం అది. మొదట విజువల్ ఫాక్స్‌ప్రో 6లో రాశాను, తర్వాత 9కి మార్చాను. మైక్రోసాఫ్ట్ 2007 మార్చిలోనే దీనికి పదో వెర్షన్ ఉండదని చెప్పేసింది. 2015 జనవరి 13తో మద్దతు కూడా పూర్తిగా ఆపేసింది. అయినా ఈ ఏడాది సీజన్లో కూడా బాండ్లు దీంట్లోనే రాశారు.

మా అన్నయ్య కొడుకు నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులో పని చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు వాణ్ని అక్కడికి తీసుకెళ్లాను. తెర చూసి, "ఏంది బాబాయ్, ఇంకా ఇదేనా? తీసేసి క్లౌడ్‌లో పెట్టేద్దాం" అన్నాడు. వాడు అడిగింది తప్పు కాదు. ఎవరైనా అదే అడుగుతారు. కానీ తీసేసే ముందు దాన్ని ఒకసారి విప్పి చూడమన్నాను. ఆ రోజు వాడికి చూపించినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫాక్స్‌ప్రో పుట్టుక సంగతి క్లుప్తంగా. అమెరికా అంతరిక్ష పరిశోధనల జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసిన వేన్ రాట్లిఫ్ ఇంట్లో కూర్చుని సొంతానికి రాసుకున్న వల్కన్ అనే ప్రోగ్రాం, ఆష్టన్-టేట్ కంపెనీ చేతిలో డీబేస్‌గా మారింది. ఒహాయో రాష్ట్రంలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పే డేవ్ ఫుల్టన్ ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ పెట్టి, అదే భాషను అంతకంటే ఎంతో వేగంగా నడిపించి చూపించాడు. ఆష్టన్-టేట్ 1988లో ఆయన కంపెనీ మీద దావా వేసింది. చివరికి ఆష్టన్-టేటే 1991లో బోర్లాండ్‌కు అమ్ముడుపోయింది. 1992లో ఫాక్స్‌ను మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. మన చిన్న ఊళ్ల కంప్యూటర్ సెంటర్లలో 'డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, ఫాక్స్‌ప్రో' అని బోర్డులు రాసుకున్న రోజులవి. మా తరంలో చాలామందికి అక్షరాభ్యాసం దీంతోనే జరిగింది.

ఇక పనితనం దగ్గరికి వద్దాం.

ఫాక్స్‌ప్రోలో సమాచారం ఉండేది డీబీఎఫ్ అనే ఫైల్లో. దాన్ని చేసినవాడి చెయ్యి తిరిగినతనం తెలియాలంటే లోపల బైట్లు లెక్కపెట్టాలి. మొదటి 32 బైట్లు తలకట్టు: ఇది ఏ రకం ఫైలు, ఆఖరున మార్చింది ఎప్పుడు, ఎన్ని రికార్డులున్నాయి, తలకట్టు ఎంత పొడవు, ఒక్కో రికార్డు ఎంత పొడవు. ఆ తర్వాత ఒక్కో గడి గురించి 32 బైట్ల చొప్పున వివరం: పేరు, రకం, వెడల్పు. చివర ముగింపు గుర్తు ఒక బైటు. విజువల్ ఫాక్స్‌ప్రో తన అవసరానికి మరో 263 బైట్లు కలుపుకుంది. అక్కడి నుంచి రికార్డులు ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే పొడవు, మధ్యలో ఖాళీ లేకుండా.

మా మిర్చి టేబుల్‌నే తీసుకుందాం. లాటు నంబరు 8, రైతు పేరు 30, ఊరు 20, రకం 4, టిక్కీలు 4, తారీఖు 8, చాంబరు 2, ర్యాకు 3. మొత్తం 79. రికార్డు మొదట్లో ఇంకో బైటు ఉంటుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. దాన్ని కలిపితే 80. ఎనిమిది గడులకు తలకట్టు 552 బైట్లు. వెయ్యో రికార్డు ఎక్కడుంది? ముందున్న 999 రికార్డులను 80తో హెచ్చవేసి 552 కలిపితే 80,472. ఫైల్లో సరిగ్గా అన్ని బైట్లు దాటితే ఆ రికార్డు అక్కడ మొదలవుతుంది. వెతుకులాట లేదు. ఒక గుణకారం, ఒక కూడిక, అంతే. 64 కిలోబైట్లను పెద్ద మెమరీగా చూసిన రోజుల్లో ఆలోచించిన అమరిక ఇది. ఏడాదికి 50,000 రికార్డులు వేసుకున్నా పాతికేళ్లకు 12 లక్షల 50 వేలు, అంటే పది కోట్ల బైట్లు. ఇప్పటి లెక్కలో అది సెల్‌ఫోన్లో తీసిన చిన్న వీడియో అంత. ఒక కోల్డ్ స్టోరేజీ పాతికేళ్ల చరిత్ర చొక్కా జేబులో పెన్‌డ్రైవ్‌కు ఒక మూల సరిపోతుంది.

తారీఖు గడిని కూడా గమనించండి. ఎనిమిది అక్షరాలు: ఏడాదికి నాలుగు, నెలకు రెండు, రోజుకు రెండు. డీబేస్ మూడో వెర్షన్‌లో, 1984లో, తారీఖు అనే రకం వచ్చినప్పటి నుంచి అది అలాగే ఉంది. 2000 సంవత్సరం రాబోతోందని, ఏడాదిని రెండంకెల్లో దాచిన ప్రోగ్రాములన్నీ దెబ్బతింటాయని ప్రపంచం కంగారుపడినప్పుడు, ఆ రెండంకెలను సరిచేయడానికే మన కుర్రాళ్లు ఎంతోమంది కోబాల్ నేర్చుకుని విమానమెక్కారు. తెర మీద రెండంకెలే చూపించిన ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముల్లో కూడా, కింద టేబుల్లో నాలుగంకెలు పదిలంగా ఉన్నాయి.

ఇప్పుడు రికార్డు మొదట్లో ఉన్న ఆ ఒక్క బైటు. అందులో మామూలుగా ఖాళీ ఉంటుంది. డిలీట్ అన్నప్పుడు ఫాక్స్‌ప్రో రికార్డును పీకి పారేయదు. ఆ బైటులో ఒక నక్షత్రం గుర్తు పెడుతుంది. మిగతా 79 బైట్లు చెక్కుచెదరవు. రీకాల్ అంటే నక్షత్రం తుడిచేసి రికార్డును వెనక్కి తెస్తుంది. నిజంగా తీసేయాలంటే ప్యాక్ అని వేరే ఆదేశం ఇవ్వాలి. పాతకాలపు చిట్టా పుస్తకంలో తప్పు పద్దును గుమాస్తా ఎర్ర సిరాతో కొట్టేసేవాడు తప్ప కాగితం చించేవాడు కాదు. రేపు ఎవరైనా అడిగితే కొట్టేసిన అంకె కనపడాలి. ఆ పద్ధతినే ఒక్క బైటులో ఇమిడ్చారు. ఒకసారి సీజన్ మధ్యలో తెలియక ఒక ఊరి బాండ్లన్నీ డిలీట్ అయ్యాయి. రైతులు గేటు బయటే ఉన్నారు. నేను ఫోనులో రెండు మాటలు చెప్పాను, గుమాస్తా గారు కొట్టారు, నక్షత్రాలు పోయాయి. బయట ఎవరికీ సంగతే తెలియలేదు.

వేగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 1991లో ఫాక్స్‌ప్రో 2.0తో వచ్చిన రష్‌మోర్ అనే ఉపాయం అది. "కొండవీడు రైతులవి, మూడో చాంబరులో ఉన్న తేజా టిక్కీలు" అని అడిగారనుకోండి. ఊరికి ఒక ఇండెక్స్, చాంబరుకు ఒకటి, రకానికి ఒకటి ముందే ఉన్నాయి. ఒక్కో ఇండెక్స్‌ను చూసి, 50,000 రికార్డులకు 50,000 చుక్కల పట్టీ ఒకటి తయారు చేస్తుంది. షరతు కుదిరిన రికార్డు ఎదురుగా ఒకటి, కుదరని దాని ఎదురుగా సున్నా. ఆ పట్టీ మొత్తం 6,250 బైట్లు. మూడు పట్టీలను ఒకదాని మీద ఒకటి పెట్టి, మూడింటిలోనూ ఒకటి ఉన్న చోట్లే అసలు టేబుల్‌ను తాకుతుంది. మిగతా రికార్డుల జోలికే పోదు. 386 కంప్యూటర్ల మీద దీన్ని చూసినప్పుడు మేం నోరెళ్లబెట్టాం.

దీనికో క్రమశిక్షణ కూడా ఉంది. ఇండెక్స్ ఏ రూపంలో కట్టామో ప్రశ్న కూడా అచ్చం ఆ రూపంలోనే అడగాలి. పెద్దక్షరాలకు మార్చి ఇండెక్స్ కట్టి, మార్చకుండా అడిగితే ఆ ఉపాయం పనిచేయదు, మొదటి నుంచి చివరి దాకా చదువుకుంటూ పోతుంది. ఫాక్స్‌ప్రో నెమ్మది అన్నవాళ్ల ప్రోగ్రాములు కొన్ని నేను విప్పి చూశాను. చాలావాటిలో జబ్బు ఇదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది వేరే ఉంది. మనం గీసిన ఫారాలు, రిపోర్టులు, మెనూలు, క్లాసులు, చివరికి ప్రాజెక్టు ఫైలు, వీటన్నిటినీ విజువల్ ఫాక్స్‌ప్రో ఎక్కడ దాచుకుంటుందంటే, తన సొంత టేబుళ్లలోనే. రిపోర్టు ఫైలుకు ఎఫ్‌ఆర్‌ఎక్స్ అని పేరు మార్చి ఉంటుంది గానీ లోపల అది డీబీఎఫే. శీర్షిక ఒక రికార్డు, గీత ఒక రికార్డు, మొత్తం కూడే గడి ఒక రికార్డు. ఏ ఫాంటు, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, ఏం అచ్చుకావాలి, అన్నీ గడులే. కమ్మరి తన సుత్తిని తన కొలిమిలోనే కాచుకున్నట్టు, ఇతరుల సరుకు దాచడానికి చేసిన పెట్టెలోనే తన పనిముట్లు పెట్టుకుంది.

దీనివల్ల ఏం ఒరిగిందో 2022 ఏప్రిల్ 4న తెలిసింది. ఆ రోజు పల్నాడు జిల్లా ఏర్పడింది, నరసరావుపేట కేంద్రమైంది, యడ్లపాడు మండలం దాంతో పాటే కొండవీడు అందులోకి వచ్చాయి. మా రిపోర్టులు నలభై పైచిలుకు. అన్నిటి నెత్తిన గుంటూరు జిల్లా అని ఇంగ్లిషులో ఉంది. ఒక్కొక్కటి తెరిచి దిద్దుకుంటూ కూర్చుంటే రెండు రోజుల పని. నేను పది వరుసల చిన్న ప్రోగ్రాం రాశాను. రిపోర్టు ఫైళ్లను ఒక్కొక్కటే మామూలు టేబుల్ లాగా తెరువు, గుంటూరు అన్న మాట ఉన్న గడిలో పల్నాడు పెట్టు, మూసెయ్. గుంటూరుకు ఇంగ్లిషులో ఆరక్షరాలు, పల్నాడుకు ఏడు. ఒక అక్షరం పెరిగింది కనక ఆ రికార్డులో వెడల్పు గడిని కూడా అదే ప్రోగ్రాంతో పెంచాను. టీ చల్లారే లోపల నలభై రిపోర్టులూ పల్నాడు జిల్లాకు మారిపోయాయి. మా వాడు ఇది విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక రిపోర్టును టేబుల్‌గా తెరిచి చూపించు బాబాయ్ అన్నాడు. చూశాక కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

కమాండ్ విండో గురించి కూడా ఒక మాట. ప్రోగ్రాం రాసి, కంపైల్ చేసి, నడిపి చూసేదాకా ఆగనక్కర్లేదు. యూజ్ మిర్చి అని కొడితే టేబుల్ తెరుచుకుంటుంది. బ్రౌజ్ అంటే కళ్ల ముందు పరుచుకుంటుంది. సమ్ టిక్కీలు ఫర్ చాంబరు ఫలానా అంటే మొత్తం వస్తుంది. భాష ఒకచోట, సమాచారం ఇంకోచోట, మధ్యలో రాయబారం అన్న పద్ధతి దీంట్లో లేదు. కొండవీటి కోట మీద ముత్యాలమ్మ, పుట్టలమ్మ, వెదుళ్ల చెరువులని మూడు చెరువులున్నాయి. అంత ఎత్తున రాజధాని పెట్టుకున్న రెడ్డిరాజులకు నీళ్లు కోట లోపలే ఉండటం ఎంత బలమో పైకెక్కి చూసినవాళ్లకు తెలుస్తుంది. ఫాక్స్‌ప్రో బలం అలాంటిదే. నీళ్ల కోసం కొండ దిగనక్కర్లేదు.

లోపాలు లేవనను. ఉన్నాయి, వాటిలో ఒకటి మనకు బాగా తగిలింది. ఫాక్స్‌ప్రోకు యూనికోడ్ తెలియదు. ఒక అక్షరానికి ఒక బైటు, అంటే 256 గళ్లు, వాటిలోనే సర్దుకోవాలి. తెలుగు పేరు రాయాలంటే ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చిన పాత ఫాంట్లు వాడాలి. అప్పుడు తెర మీద తెలుగు కనపడుతుంది గానీ అకారాది క్రమం రాదు, వెతికితే దొరకదు. అందుకే మేమంతా పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఎక్కించాం. వెంకటేశ్వర్లును ఒకరు ఒకలాగా, ఇంకొకరు ఇంకోలాగా రాస్తారు. ఒకే రైతు మూడు సీజన్లలో ముగ్గురు మనుషులవుతాడు. పలుకుబడిని బట్టి పోల్చే సౌండెక్స్ అనే సాధనం ఫాక్స్‌ప్రోలో ఉంది, దాంతో పట్టుకుందామని చూశాను. అది పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాతి మూడు హల్లుల అంకెలతో సరిపెడుతుంది. వెంకటేశ్వర్లు వి523, వెంకట్రామయ్య వి523, వెంకటనారాయణ కూడా వి523. పల్నాడులో ఊరికి ఎంతమంది వెంకటలు ఉంటారో చెప్పనక్కర్లేదు. ఆ సాధనం వేరే దేశపు ఇంటిపేర్ల కోసం పుట్టింది, మన పేర్లకు పనికిరాలేదు. రైతు పేరు రైతు చదువుకోగల లిపిలో బాండు మీద ఉండాలి. పాతికేళ్లుగా అది చేయలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రెండోది, రాస్తుండగా కరెంటు పోతే ఇండెక్స్ చెడిపోతుంది. తలకట్టులో ఉన్న రికార్డుల సంఖ్య ఒకటి, లోపల ఉన్నవి ఇంకొకటి అవుతాయి. మళ్లీ ఇండెక్స్ కట్టుకుంటే చాలావరకు సరిపోతుంది గానీ, యూపీఎస్ లేకుండా దీన్ని నడపకూడదు. మూడోది, తాళం లేదు. ఫోల్డరు దొరికినవాడు ఎవడైనా టేబుల్ తెరవగలడు. నాలుగోది, ఒక్కో ఫైలుకు 2 గిగాబైట్ల హద్దు. మా 80 బైట్ల రికార్డుకు అది 2 కోట్ల 68 లక్షల వరుసలు. మిర్చి కొట్టుకు అది అడ్డు కాదు, కానీ ఊళ్లో అందరి ఫోటోలు, సంతకాలు దాస్తామంటే అడ్డే. డాస్ కాలపు ఫాక్స్‌ప్రో 2.6 ఇప్పటి 64-బిట్ విండోస్ మీద నేరుగా నడవదు. విజువల్ ఫాక్స్‌ప్రో 9 మాత్రం 32-బిట్ ప్రోగ్రాంగా విండోస్ 11 మీద కూడా నడుస్తోంది.

పెద్ద లోటు మనుషులది. నేర్పేవాళ్లు లేరు, నేర్చుకునేవాళ్లు లేరు. వీఎఫ్‌పీఎక్స్ అని కొందరు ఔత్సాహికులు కొత్త పనిముట్లు చేసి ఉచితంగా పంచుతున్నారు, ఎక్స్‌షార్ప్ అనే కొత్త భాష ఫాక్స్‌ప్రో మాటలను అర్థం చేసుకుంటోంది. వాళ్లకు నా నమస్కారం. కానీ కొండవీడులో ప్రోగ్రాం ఆగితే ఫోనుకు దొరికేది నేనొక్కణ్నే, నాకూ వయసు మీద పడుతోంది.

అందుకే మా వాడికి నా తీర్పు ఇలా చెప్పాను. కొత్తగా మొదలుపెట్టే పనికి ఫాక్స్‌ప్రో ముట్టుకోవద్దు. తెలుగు రాని సాధనంతో తెలుగు రైతుకు ఇంకో పాతికేళ్లు లెక్క రాయడం న్యాయం కాదు. కానీ బాగా నడుస్తున్న దాన్ని పాతదన్న ఒక్క కారణంతో సీజన్ ముంగిట పీకేయొద్దు. ఇప్పుడున్న టేబుళ్లను చదివి, యూనికోడ్ తెలిసిన డేటాబేస్‌లోకి రోజుకోసారి నకలు దించే చిన్న ప్రోగ్రాం రాయి. పేర్లు తెలుగులోకి మార్చే పని అక్కడ మొదలుపెట్టు. గుమాస్తా గారి తెర మాత్రం, అంతకంటే వేగమైనది చేసి చూపించేదాకా అలాగే ఉండనీ. ఆ అర నిమిషం పెరిగితే ఎండలో నిలబడేది రైతు.

వాడు ఒప్పుకున్నాడు. పనిలో దిగాక వాడే నాకో సంగతి చెప్పాడు. హైదరాబాదులో వాళ్లు పటాల పని చేసేటప్పుడు వాడే షేప్‌ఫైల్ పక్కన ఎప్పుడూ ఒక డీబీఎఫ్ ఉంటుందట. అదేమిటో ఎన్నడూ తెరిచి చూడలేదట. నిజమే, ఊరి హద్దులు, చెరువులు, రోడ్లు గీసే ఆ పటాల ఫైళ్లలో గీతలు ఒకచోట, వాటి పేర్లు, వివరాలు డీబీఎఫ్‌లో ఉంటాయి. ఇవాళ ఎవరైనా కొండవీటి కొండను షేప్‌ఫైల్లో గీసి ముత్యాలమ్మ చెరువు అని పేరు పెడితే, ఆ పేరు వెళ్లి కూర్చునేది నలభై ఏళ్ల కిందటి ఆ తలకట్టు, గడుల అమరికలోనే.

మీ మిల్లులో, కొట్టులో, చిట్‌ఫండ్ ఆఫీసులో మూలనపడ్డ పాత కంప్యూటరులో ఇలాంటి ప్రోగ్రాం ఉంటే, పాత సామాన్ల వాడికి ఇచ్చే ముందు ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. డీబీఎఫ్ ఒక్కటే తీసుకుంటే చాలదు. దాని పక్కనే అదే పేరుతో ఎఫ్‌పీటీ అని ఇంకో ఫైలు ఉంటే అది కూడా తీసుకోండి. పొడుగాటి వివరాలన్నీ దాంట్లోనే ఉంటాయి, అది లేకపోతే టేబుల్ తెరుచుకోదు.